ఆపరేషన్ ముందటి సంతకం

కోరుట్లలోనో జగిత్యాలలోనో, పేషెంటును థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు నర్సు ఒక అచ్చు కాగితం తెచ్చి సంతకం పెట్టమంటుంది. కథలాపూర్ నుంచి వచ్చిన కుటుంబమైతే చాలాసార్లు పెనిమిటి గల్ఫ్‌లో ఉంటాడు. ఫోన్‌లో ‘పెట్టుర్రి’ అంటాడు, మరిదో తమ్ముడో పెట్టేస్తాడు. మంచం మీద పూర్తి స్పృహతో ఉన్న ఆడమనిషిని అడిగే నాథుడే ఉండడు. ఏం జరిగినా డాక్టరుది పూచీ కాదని రాసిచ్చామనే అందరి నమ్మకం. ఈ నమ్మకం తప్పు.

న్యూయార్క్‌లో ఒకామె మత్తిచ్చి పరీక్ష మాత్రం చేయమంది, ఆపరేషన్ వద్దంది. డాక్టరు గడ్డ తీసేశాడు. వయసొచ్చి బుద్ధి స్థిమితంగా ఉన్న ఎవరి ఒంటి మీదైనా పెత్తనం వాళ్లదేనని జడ్జి కార్డోజో 1914లో ఆ కేసులోనే తేల్చారు. అయితే అది ధర్మాసుపత్రి కాబట్టి ఆమెకు పైసా రాలేదు! ముప్పు కూడా వివరించి చెప్పాకే సమ్మతి అడగాలన్న మాట 1957లో కాలిఫోర్నియా కోర్టులో వచ్చింది.

మన దగ్గర మామూలు జనానికి పరిహారం అడిగే దారి తెరిచింది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా ‘సేవే’ అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరి దగ్గరా పైసా తీసుకోని సర్కారు దవాఖానను మాత్రం పక్కన పెట్టింది. బీదవాళ్లకే ఈ తలుపు మూసుకుపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఇక అసలు కథ హైదరాబాద్‌ది. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డతో నిమ్స్‌లో చేరాడు. ముక్క తీసి పరీక్షకు పంపడానికే అనుమతి ఇచ్చారు. లోపల గడ్డ మొత్తం తీసేశారు. వెన్ను దగ్గర పని, న్యూరోసర్జన్ అక్కడ లేడు. కుర్రాడికి రెండు కాళ్లూ పడిపోయాయి. 1999లో జాతీయ వినియోగదారుల కమిషన్ పదిహేనున్నర లక్షలు ఇప్పించింది. ఆ డబ్బు చాలదని అతను, ఇవ్వబోమని నిమ్స్ సుప్రీంకోర్టుకెక్కారు. అతను చక్రాల కుర్చీలో కూర్చునే తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే 14న తీర్పొచ్చింది: కోటి రూపాయలు, ఆపైన వడ్డీ. ముక్క తీయడానికిచ్చిన అనుమతి గడ్డ తీయడానికి చెల్లదని కోర్టు కుండబద్దలు కొట్టింది. దవాఖాన తన రక్షణకని దాచుకున్న కాగితమే దానికి ఎదురు తిరిగింది.

అంతకుముందు ఏడాదే ఢిల్లీ కేసులో ఇంకో ముడి విప్పింది కోర్టు. ఒకామెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించి, గర్భసంచి తీసేశారు. కూతురు మేజరు, ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పేమీ లేదు, మెలకువ వచ్చేదాకా ఆగొచ్చు. కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లలేదు. పరిహారం మాత్రం పాతికవేలు! పైగా, ఎంత చెప్పాలన్నది తోటి డాక్టర్లు మామూలుగా చెప్పేదాన్ని బట్టేనంది, అమెరికా లెక్క ఇక్కడ కుదరదంది. ఆ మాత్రం చెప్పడం చాలదని నా అభిప్రాయం. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చూడండి: ఆపరేషన్‌కు అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో చెబుతూ భర్త, భార్య, మైనరైతే తల్లిదండ్రులు అని వరుసగా రాసి, పేషెంటును చివర్లో పెట్టాయి. మన వార్డుల్లో నడిచేది ఇదే వరుస.

అవే నిబంధనల్లో ఒక మేలు ఉంది. అడిగిన 72 గంటల్లో కేసు కాగితాలు ఇవ్వాలి. సంతకం పెట్టిన ఫారం కూడా అందులో ఉందో లేదో చూసుకోవాలి. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం కింద, హైదరాబాద్‌లో ఆపరేషన్ చెడినా కథలాపూర్ మనిషి తానుండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. దవాఖాన కాగితాలివ్వక తిప్పుకుంటుంటే, అడుగుతూ రాసిచ్చిన దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.