ఆగని లూప్ ముందు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, మధ్యాహ్నం సి ల్యాబ్. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కిటికీ పక్క సిస్టమ్ ముందు కూర్చున్నారు. ఈ వారం ప్రోగ్రాం తేలికైనదే. ఒక సంఖ్య ఇస్తే అందులోని అంకెలన్నీ కూడి చెప్పాలి. టైపు చేశారు, కంపైల్ చేశారు, ఒక్క ఎర్రరూ రాలేదు. రన్ చేసి 4729 కొట్టి ఎంటర్ నొక్కారు.

ఏమీ రాలేదు.

కర్సర్ మాత్రం మెరుస్తోంది. నంబరు సరిగ్గా పడలేదేమోనని మళ్లీ 4729 కొట్టారు. ఎంటర్. ఇంకోసారి ఎంటర్. కొట్టిన అంకెలు తెర మీద కనిపిస్తున్నాయి గాని జవాబు లేదు. కాళ్ల దగ్గరున్న సీపీయూలో ఫ్యాను చప్పుడు పెరిగింది. పైకి ఊరికే కూర్చున్నట్టుంది గాని లోపల ప్రాసెసర్‌కి ఊపిరి సలపడం లేదు. ఇంకో టెర్మినల్ తెరిచి టాప్ అని కొట్టి చూడండి: అన్నిటికంటే పైన మీ ప్రోగ్రాం పేరు, దాని వరుసలో దాదాపు 100 శాతం.

"కంట్రోల్ సి కొట్టు," అన్నాడు పక్క సిస్టమ్ అబ్బాయి. కొట్టారు. ప్రోగ్రాం చచ్చి ప్రాంప్ట్ తిరిగొచ్చింది.

ఎన్ సున్నా కంటే పెద్దగా ఉన్నంతసేపూ తిరగాల్సిన వైల్ లూప్ అది. లోపల రెండే లైన్లు. మొదటిది ఎన్ % 10 తీసి సమ్‌కి కలుపుతుంది, అంటే చివరి అంకెను. రెండోది ఎన్ / 10. ఆ కలిపిన అంకెను కొట్టేయడానికి. ఎన్నిసార్లు చూసినా తప్పు కనబడదు. "చివర్లో బ్రేక్ పెట్టెయ్, ఆగుతుంది," అని ముందు వరస నుంచి సలహా. పెట్టారు. నిజంగానే ఆగింది. జవాబు 9 అని వచ్చింది. 4, 7, 2, 9 కూడితే 22.

ఈలోగా మేడమ్ వచ్చి మీ కుర్చీ వెనక నిలబడ్డారు.

"బ్రేక్ తీసెయ్ నాన్నా. ఎందుకు ఆగట్లేదో తెలుసుకోకుండా ఆపేస్తే ఏం లాభం? కాగితం తియ్యి."

కాగితం మీద మూడు గడులు గీశారు: ఎన్, సమ్, కండిషన్. మొదటి వరుస: 4729, 0, ట్రూ. చివరి అంకె 9 కాబట్టి సమ్ 9. తర్వాతి లైను. మీ పెన్ను తడుముకోకుండా ఎన్ గడిలో 472 అని రాసేసింది. మేడమ్ వేలు ఆ 472 మీద పడింది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చింది?"

"పదితో భాగించాం కదా మేడమ్."

"భాగించావు. వచ్చినదాన్ని ఎందులో పెట్టావు? నీ మనసులో ఉన్నది కాదు, తెర మీద ఉన్నది చదువు."

చదివారు. ఎన్ / 10, సెమికోలన్. భాగహారం జరిగింది, 472 వచ్చింది, దాన్ని ఏ వేరియబుల్లోనూ పెట్టలేదు, అది పోయింది. ఎన్ అలాగే 4729. 472 కొట్టేసి మళ్లీ రాయండి: 4729, 9. తర్వాత 4729, 18. ఆ తర్వాత 4729, 27. ఎన్ గడి నిలువునా ఒకే సంఖ్య. కండిషన్ ఎప్పటికీ ట్రూనే.

ఈ కాగితం పనిని సి మొదటి వారంలోనే అలవాటు చేయించాలని గట్టిగా నమ్ముతాను. మన చెయ్యి మనం అనుకున్నదాన్ని రాస్తుంది, యంత్రం మనం రాసినదాన్ని చేస్తుంది. ఆ రెండూ ఏ లైను దగ్గర విడిపోయాయో కాగితమే చూపిస్తుంది. ముఖ్యంగా కండిషన్లో ఉన్న వేరియబుల్ గడిని చూడాలి. అది ప్రతి తిరుగుడుకీ మారుతోందా? మారితే, కండిషన్ ఫాల్స్ అయ్యే వైపుకే మారుతోందా?

ఎన్ = ఎన్ / 10; అని దిద్దారు. రన్ చేస్తే 22. మేడమ్ అంతటితో వదల్లేదు. పాత లైనే మళ్లీ పెట్టించి, జీసీసీ కమాండ్‌కి -డబ్ల్యూఆల్ తగిలించమన్నారు. ఈసారి వార్నింగ్ వచ్చింది, ఆ లైను వల్ల ఏ ప్రభావమూ లేదని. ఇందాక అడిగి ఉంటే కంపైలర్ ఇందాకే చెప్పేది.

పక్క సిస్టమ్‌లో వైల్ లైను చివర సెమికోలన్ పడింది. దాంతో లూప్‌కి ఒళ్లే లేదు, బ్రాకెట్లలో ఉన్నదానికీ దానికీ సంబంధం తెగిపోయింది. వెనక వరసలో మెనూ ప్రోగ్రాం: అంకె అడిగినచోట ఎవరో అక్షరం కొట్టారు, తెర మీద మెనూ వరదలా పారుతోంది. పర్సెంటేజ్ డి చూసే స్కాన్ఎఫ్ ఆ అక్షరాన్ని తీసుకోలేక ఇన్‌పుట్‌లోనే వదిలేస్తుంది. మళ్లీ తిరిగొచ్చేసరికి అదే అక్షరం ఎదురు. స్కాన్ఎఫ్ తిరిగిచ్చే విలువ 1 అవునో కాదో చూసి, కాకపోతే లైను చివరిదాకా మిగిలిన అక్షరాలను చదివి పారేయాలి.

ఇప్పుడు బోర్డు వైపు తిరగండి. మేడమ్ 31-12-2008 అని రాశారు.

ఆ రోజు మైక్రోసాఫ్ట్ వారి 'జూన్' (Zune) అనే 30 జీబీ మ్యూజిక్ ప్లేయర్లు ఆన్ చేస్తే బిగుసుకుపోయాయి. తప్పు గడియారం డ్రైవర్‌ది. 1980 జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కపెట్టి, రోజుల సంఖ్య నుంచి సంవత్సరం రాబట్టే లూప్ అందులో ఉంది. రోజులు 365 కంటే ఎక్కువున్నంతసేపూ తిరుగు. మామూలు సంవత్సరమైతే 365 తీసేసి సంవత్సరం పెంచు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువుంటేనే 366 తీసేసి సంవత్సరం పెంచు.

"ఆ రోజు సంఖ్య 10593. గడులు గీయండి."

1980 నుంచి 2007 దాకా 28 ఏళ్లు, వాటిలో లీపువి 7. మొత్తం 10227 రోజులు పోగా 2008 ఎదురుగా 366 మిగిలింది. 365 కంటే ఎక్కువ, లోపలికి వెళ్లింది. లీపు సంవత్సరమే. 366 కంటే ఎక్కువా? కాదు. ఏమీ తీసేయలేదు, ఏమీ పెంచలేదు, మళ్లీ పైకి. మీ గడుల్లో 366 కింద 366, దాని కింద 366. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 దాటాక ఆన్ చేసుకోమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అప్పటికి సంఖ్య 10594 అవుతుంది గనక లూప్ బయటపడుతుంది.

"> తీసి >= పెడితే సరి మేడమ్," అన్నారు మీరు.

"కాగితం మీద వేసి చెప్పు."

366లోంచి 366 పోతే 0. సంవత్సరం 2009. లూప్ ఆగింది. తేదీ 2009లో సున్నా రోజు. జనవరి సున్నా! ఇందాక వచ్చిన 9 లాంటిదే ఇదీ.

కాసేపు కాగితం చూసి, ఈసారి జంకుతూ అడిగారు: "366కి సమానమైతే బ్రేక్ పెట్టొచ్చా మేడమ్?"

"ఎందుకు పెట్టొచ్చో చెప్పు."

"లీపు ఏడాదిలో 366 అంటే డిసెంబర్ 31. అదే సంవత్సరం, అదే రోజు. తీసేయాల్సింది ఏమీ లేదు."

"అయితే పెట్టు. 10592, 10593, 10594, మూడూ ఇచ్చి చూడు."

మొదటిదానికి 2008, 365. రెండోదానికి 2008, 366. మూడోదానికి 2009, 1.