రాత్రివేళ గ్రంథాలయము

టెలివిజను నాటకములలో అర్ధరాత్రి గ్రంథాలయమొక భయస్థానము. వరుసగా పుస్తకముల బీరువాలు, ఒంటిదీపము, ఎక్కడనో అడుగుల చప్పుడు. చెట్టికరై ప్రాంతమున మన యిండ్లలోను భోజనములైన పిమ్మట పిన్నలు పెద్దలు కూర్చుండి యిట్టి కథలను చూతురు. కాని తెలుగువారి చరిత్రలో రాత్రివేళ గ్రంథాలయమునకు వేఱొక రూపము గలదు.

పగలంతయు పొలమున పాటుపడువానికి చదువుకొనుటకు మిగులునది రాత్రియే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడిన పిమ్మట, ఉద్యమకారులు పుస్తకశాలలతో పాటు రాత్రిపాఠశాలలను నడపిరి. అక్షరము రానివారికి పత్రికలను చదివి వినిపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పుస్తకముల పడవనే నడిపించిరి.

మనము ముఖ్యముగా తలపవలసినది హైదరాబాదు. నిజాము రాజ్యమున ప్రజలలో తెలుగువారే యధికులు. అయినను కచ్చేరి భాష ఉర్దూ. అట్టియెడ 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. అది మొదట రంగారావుగారి యింటనే వెలసినది. 1906లో అచటనే పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి తరువాత చెన్నపట్టణమునకు తరలివచ్చి, తెలుగున శాస్త్ర చరిత్ర గ్రంథములను ప్రకటించినది. బడిలో దొరకని తెలుగును పుస్తకశాల నిలిపినది.

మన స్థితి వేఱు. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. 2006 నాటి చట్టముతో బడులలో తమిళ పాఠము క్రమముగా తప్పనిసరియైనది. చెట్టికరైలో 2013లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వెలసినది; ఉన్నతవిద్య గుమ్మములోనికే వచ్చినది. అయినను ఇంట తెలుగు మాటాడు బాలుడు తాతగారి పాత జాబును చదువలేకున్నాడు. మాట మిగిలినది, అక్షరము జారిపోవుచున్నది.

దీనికి పెద్ద భవనము లేల? రంగారావుగారి వలె ఒక యింటి వసారాలో ఒక బీరువా నుంచుదము. వారమున కొక రాత్రి టెలివిజను నాపి, పెద్ద లొకరు చదువగా పదుగురము విందము. ప్రక్కన కూర్చున్న బిడ్డ వ్రేలిని ఆ యక్షరములపై నడిపింతము. ఉద్యమకారులు చేసిన దింతియే, మనమును చేయగలము.