బళ్లారి జిల్లాలో ఒకే ఒక్క ఇంగ్లీషు బడి

విడపనకల్లు నేడు అనంతపురం జిల్లాలోని మండలకేంద్రమైనను, 1882లో ఆ జిల్లా ఏర్పడువరకును బళ్లారి జిల్లాలోనిదే యగుటచేత, ఆ సీమలో రెండువందల యేండ్లక్రిందట పిల్లలేమి చదువుచుండిరో తెలిసికొనగోరువాడు, బళ్లారి కలెక్టరు కచేరీనుండి 1823 ఆగస్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు పోయిన యొక నివేదికను చూడవలసియుండును. దత్తమండలములకు 1800 నుండి ఏడేండ్లు ప్రధాన కలెక్టరుగానుండి, పిమ్మట మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, దేశమున నాటుబడులెన్ని, వానిలో చదువువారెందఱు అని 1822లో జిల్లా కలెక్టర్లందఱినడిగెను. వచ్చిన జవాబులలో పెక్కు అంకెలపట్టికలతో సరిపుచ్చుకొన్నవి, బళ్లారినుండి ఎ.డి. క్యాంబెల్ దొర పంపినది మాత్రము బడిలోపలి సంగతులను ఓపికగా వివరించిన వ్రాత.

ఆయన లెక్కప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857; బడులు 533; విద్యార్థులు 6,641 మంది, వారిలో బాలికలు 60 మంది. కన్నడము నేర్పు బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీకమునకు 21, అరవమునకు 4, బ్రాహ్మణులు మాత్రమే శాస్త్రములభ్యసించునవి 23. ఇంగ్లీషు నేర్పునది ఒకే ఒక్కటి. కన్నడమును తెలుగును ఇంచుమించు సరిసమానముగా నిలిచిన ఈ లెక్క, కర్ణాటక సరిహద్దునంటియున్న విడపనకల్లువారికి వింతగా తోపదు. రెండు భాషల నడుమ పెరుగుట అచ్చటి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇందొక చమత్కారమున్నది. ఇంగ్లీషుబడి యొక్కటేయని లెక్కవ్రాసిన ఈ దొరయే, మద్రాసులో 1812లో నెలకొల్పబడిన సెయింట్ జార్జి కోట కళాశాలలోని ఇంగ్లీషు యువకులు మనభాష నేర్చుకొనుటకై 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును ప్రకటించినవాడు. పరభాష నేర్చుట యెంత కష్టమో స్వయముగా నెఱిగినవాడగుటచేతనే కాబోలు, మన వీథిబడి పంతులు చేయు పనిని అంత శ్రద్ధగా కనిపెట్టెను.

ఐదవయేట గణపతిపూజ చేయించి, పంతులు పిల్లవాని వ్రేలుపట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించుటతో చదువు మొదలు. తరువాత ఇసుకలో వ్రేలితో దిద్దుచు, దిద్దినదానిని బిగ్గరగా పలుకుట. అటుపిమ్మట బియ్యపుగంజియు బొగ్గుపొడియు పట్టించి మడతలుపెట్టిన గుడ్డపై, అనగా కడితముపై, బలపముతో వ్రాయుట. చెఱిపి మరల వ్రాయవచ్చును గనుక కాగితపు ఖర్చు లేదు. ఉదయము అందఱికంటె ముందువచ్చినవాని అరచేత సరస్వతి పేరు. రెండవవానికి సున్న, అనగా పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. బడికి సగటున పండ్రెండుగురు గనుక, చివరివానికి పది దెబ్బలు. ఇంటిపని ముగించుకొని వచ్చు పేదవాని కొడుకే తఱచుగా ఆ పండ్రెండవవాడై యుండునని నా యనుమానము. కావున పాతబడిని స్వర్గముగా వర్ణించువారితో నేను గొంతు కలుపజాలను.

అయినను ఆ బడిలో దొరను మెప్పించిన పద్ధతియొకటి కలదు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పుదురు. చెప్పుటచేత తమ చదువును గట్టిపఱచుకొందురు. దీనిని ఇంగ్లండు అనుకరించుట న్యాయమేయని క్యాంబెల్ వ్రాసెను. ఆ యనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర శరణాలయమును 1789 నుండి నడిపిన ఈ మతాచార్యుడు, నాటుబడిపిల్లలు ఇసుకలో వ్రాయుటనుచూచి, తన బడిలో బాలురచేతనే బాలురకు పాఠము చెప్పించి, స్వదేశమునకు మఱలి 1797లో ఆ ప్రయోగమును పుస్తకముగా వెలువరించెను. అది మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లండు బడులలో వ్యాపించెను. నేడు ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ శిబిరములలో జంటపనియనియు బృందకృత్యమనియు బోధించుచున్న దానికి ఇది దగ్గఱి చుట్టమే.

ఔషధముతోపాటు వ్యాధినికూడ క్యాంబెల్ గుర్తించెను. పిల్లలు పద్యములు వందలకొలదిగా అప్పగింతురు గాని, చిలుకకెంత తెలియునో వారికిని వాని యర్థమంతే తెలియునని ఆయన ఫిర్యాదు. మఱియు బడులు క్షీణించుటకు కారణము దేశము నానాటికి పేదబడుటయే యని, సీమగుడ్డ దిగుమతియై నేతవృత్తి దెబ్బతినుట అందొక కారణమని, లేత చేతులు పనికి వచ్చుటతోడనే తల్లిదండ్రులు పిల్లలను పనికి పెట్టవలసివచ్చుచున్నదని, తన ప్రభుత్వమునకే నిర్మొగమాటముగా విన్నవించెను. ఇంగ్లీషువారి బట్ట పల్లెపల్లెకు వచ్చినది. ఇంగ్లీషు మాత్రము 533లో ఒక్క బడికి వచ్చినది. సుమారు 550 మిల్లీమీటర్ల వానపై బ్రతుకవలసిన నేటి అనంతపురం జిల్లాలో, వానలు తప్పినయేట కుటుంబములు బెంగళూరుకు వలసపోవునప్పుడు, బడిమానిన పిల్లవానికి ఏ బోధనాపద్ధతి యక్కఱకు వచ్చును?

భాషాబోధనపు తరువాతి కథ తెలుగుదేశపు ఆవలి కొసన నడిచినది. ఒట్టో యెస్పర్సన్ వంటి పండితులు, పరభాషను వ్యాకరణసూత్రములతోను అనువాదములతోను గాక, వాడుక మాటలతో వినికిడినుండి నేర్పవలెనని వాదించుచున్న కాలమున, అనగా 1906 ప్రాంతమున, ఉత్తరసర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర తెలుగు నేర్చుకొనబోయి, పుస్తకములోని భాష వీథిలో వినబడకపోగా ఆశ్చర్యపడి, విశాఖపట్నపు ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని కారణమడిగెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారలకు చేరెను. సవర గిరిజనుల పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పుటకు పూనుకొనియున్న గిడుగువారు దానిని చేపట్టి వ్యావహారిక భాషోద్యమముగా పెంచిరి. పరభాషను నేర్చు విధమునుగూర్చిన చర్చ మన భాషకే రూపము మార్చినది! ఈ సంగతిని ఇట్టి గ్రాంథికపు వాక్యములలో వ్రాయుచున్నందుకు గిడుగువారు నన్ను క్షమింతురుగాక.

స్వాతంత్ర్యానంతరము 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషాసంస్థయు, 1963లో దక్షిణరాష్ట్రములకై బెంగళూరున ప్రాంతీయ సంస్థయు వెలసినవి. 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరును కేంద్రముగా నడిపిన ఇంగ్లీషు బోధనా ప్రయోగము వీని ఫలములలో మిక్కిలి ఘనమైనదని నేనెంచుచున్నాను. ఆయన తరగతిలో వ్యాకరణపాఠము లేదు. రైలు వేళల పట్టికనో ఊరి పటమునో ముందుంచి, ఏ బండి ఎక్కినచో ఎప్పుడు చేరుదుమో ఇంగ్లీషులో లెక్కకట్టమనెను. మనస్సు అర్థముమీద నుండగా వ్యాకరణము తనంతట కుదురుననునది ఆయన సిద్ధాంతము. 1987లో వెలువడిన ఆయన గ్రంథమును దేశదేశముల అధ్యాపకులు నేటికిని చర్చించుచున్నారు.

విడపనకల్లు ఉపాధ్యాయునికి ఈ పద్ధతికి కావలసిన సామగ్రి దూరమున లేదు. గుంతకల్లు జంక్షను చెంతనే యున్నది. అచ్చట ఆగు బండ్ల వేళలు ఒక అట్టమీద వ్రాసి, బళ్లారికి పోవువాడెవడు, గుత్తికి పోవువాడెవడు అని ఇద్దఱిద్దఱిచేత ఒకరినొకరిని ఇంగ్లీషులో అడిగించినచో, నల్లరేగడిలో పండిన మిరపకు, పప్పుశనగకు క్వింటాలు ధరలు పలికించినచో, పిల్లవాడు నోరు తెఱచును. 2020-21 నుండి రాష్ట్రప్రభుత్వమిచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండుట మేలే. కాని ఎదుటి పుటను గొంతెత్తి అప్పగించుటతోనే పాఠము ముగిసినచో, 1823లో క్యాంబెల్ చూచిన బడికిని దీనికిని భేదము కడితమునకు బదులు కాగితముండుటయే. మాధ్యమము తెలుగా ఇంగ్లీషా యని సభలలో వాదించువారిలో ఈ ప్రశ్న నడుగువారు నాకు తక్కువగా కనబడిరి.

తనిఖీకి వచ్చు అధికారులకు నా మనవి ఒక్కటే: పాఠము చదువుమని పిల్లవానిని అడుగకుడు. చదివినదానిలో ఏమున్నదో తన మాటలలో, తెలుగుననైనను కన్నడముననైనను సరే, చెప్పుమని అడిగి, అటుపిమ్మటనే మార్కులు వేయుడు.