ఎనిమిది పాయింట్లు

22 ఆటలు. ఒక్క గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. మొత్తం 8 పాయింట్లు. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్.సి. లెక్క ఇది. అట్టడుగు స్థానం. జ్యోతినగర్‌లో మా ఇంట్లో టీవీ ముందు ఆ ఆటలు చూసింది నేనూ, మా అబ్బా. గోదావరిఖని గనిలో ముప్పయ్యేళ్లు బొగ్గు తవ్విన మనిషి. మన మీద గోలు పడ్డప్పుడల్లా ‘రహీం సాబ్ ఉంటేనా!’ అనేవాడు.

రహీం సాబ్ ఎవరని అడుగుతారేమో. అలా అడగాల్సి రావడమే నా బాధ.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు ఆ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చింది. సంవత్సరాలు గమనించండి. పోలీసు చర్య 1948లో. రజాకారు అనే మాట ప్రతి సాయిబు నెత్తిమీదా వేలాడుతున్న రోజుల్లో ఈ పిల్లలు పోలీసు చొక్కాలేసుకుని ఊరి పేరు నిలబెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుసేన్ ఉన్నారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. సాయిబుల ఆట అని గిరి గీసేవాళ్లు ఆ పేరు కూడా చదవాలి. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారం గెలిచిన జట్టుకీ రహీమే కోచ్. మరుసటేడే క్యాన్సర్‌తో పోయాడు.

మా బడి పుస్తకాల్లో ఇదేదీ లేదు. నిజాం నగల గురించి ఉంది.

ఆ ఆటగాళ్లకు ఆట కూడు పెట్టలేదు, కానిస్టేబులు జీతం పెట్టింది. జాతీయ లీగ్ వచ్చింది 1996లో. అప్పటికే మన మైదానాలు ఎండిపోయాయి. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. మొదటి సీజన్లోనూ అట్టడుగే, 18 ఆటల్లో 10 పాయింట్లు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ రాత్రి అబ్బా షుక్రానా నమాజు చేశాడు.

రెండేళ్లు తిరక్కుండానే డబ్బు కరువైంది. జీతాలు అందలేదు. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో మిగిలిన కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చాడు. జీతం లేకుండా పరుగెత్తడమంటే ఏమిటో మా కోల్‌బెల్ట్‌లో కాంట్రాక్టు కూలీనడగండి, చెబుతాడు. 2024 మార్చిలో చెన్నైలో వాళ్లు 1-0తో గెలిచారు. సీజన్ మొత్తానికి ఆ ఒక్కటే. అబ్బా వీధిలో చాయ్ తాగించాడు, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

నాకో సందేహం. అది మన జట్టేనా? మన గల్లీల పిల్లలు అందులో ఎందరు? పేరు మాత్రమే మనది. అయినా అబ్బాకు ఆ పేరు చాలు.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. అబ్బా మొన్న అడిగాడు, ఆట ఎప్పుడు బేటా అని. టీవీ బాగలేదన్నాను.