యోధ మాంత్రికుడు (టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు)

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మంత్రాలు వేస్తూనే ముందు వరసలో నిలబడి శత్రువు మీద కత్తి దూసే పాత్రను యోధ మాంత్రికుడు అనవచ్చు. ఈ ఆటల్లో కొద్దిమంది ఒక బల్ల చుట్టూ చేరి తలా ఒక పాత్రను నడుపుతారు. లోకాన్నీ, శత్రువులనూ డంజన్ మాస్టర్ చూసుకుంటాడు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. మాంత్రికుడిది మామూలుగా వెనక వరస. ఒంటిమీద కవచం ఉండదు, దెబ్బలు ఓర్చే హిట్ పాయింట్లు తక్కువ, కానీ ఒక్క మంత్రంతో గదినిండా ఉన్న శత్రువులను కాల్చెయ్యగలడు. అతణ్ణి ముందుకు తేవాలంటే నాలుగు చిక్కులు విప్పాలి. దెబ్బలకు తట్టుకోవాలి. ఆయుధం పట్టిన చేత్తోనే మంత్రానికి కావలసిన హస్తముద్ర వెయ్యాలి. ఒకే వంతులో కత్తీ, మంత్రమూ రెండూ నడవాలి. దెబ్బ తిన్నా మంత్రం చెడిపోకూడదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) నిబంధనలు తొలి ముప్పై ఏళ్లూ ఎక్కువగా మొదటి చిక్కు చుట్టూ, అంటే కవచం చుట్టూ తిరిగాయి. అసలు ముడి మూడోదాంట్లో, వంతులో దొరికే సమయంలో ఉందని గుర్తించి దానికొక క్లాస్ (పాత్ర వృత్తి) కట్టేసరికి 2006 వచ్చింది.

ఫిరంగిగా మొదలైన మాంత్రికుడు

ఈ పాత్ర వెనక వరసకు చేరడానికి కారణం కథల్లో కన్నా యుద్ధక్రీడల్లో దొరుకుతుంది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన చైన్‌మెయిల్ (1971) సీసపు బొమ్మలతో మధ్యయుగ యుద్ధాలు ఆడే ఆట. దాని చివరి భాగంలో చేర్చిన ఫాంటసీ అనుబంధంలో మాంత్రికుడు అగ్నిగోళాలు, పిడుగులు విసురుతాడు. సైన్యంలో అతని పని ఫిరంగి పని. ఫిరంగిని ఎవరూ బల్లేల మధ్యకు తోయరు.

ఆ మాంత్రికుడే 1974లో డీ అండ్ డీలోకి నడిచివచ్చాడు. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి టీఎస్ఆర్ సంస్థ ప్రచురించింది. అందులో క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. మ్యాజిక్ యూజర్‌కు బాకు తప్ప మరో మామూలు ఆయుధం లేదు, కవచం అసలే లేదు. మరుసటి ఏడాది వచ్చిన గ్రేహాక్ అనుబంధం ఈ తేడాను పాచికల్లోకి కూడా దించింది. హిట్ పాయింట్ల కోసం యోధుడు ఎనిమిది ముఖాల పాచిక వేస్తే, మాంత్రికుడు నాలుగు ముఖాలది వేస్తాడు. ఒక్క హిట్ పాయింటుతో సాహసయాత్రకు బయలుదేరిన మాంత్రికులు ఎందరో.

గైగాక్స్ చదివిన సాహిత్యం ఇలా లేదు. మైకేల్ మూర్‌కాక్ సృష్టించిన ఎల్రిక్ మంత్రవేత్త, అదే సమయంలో స్టార్మ్‌బ్రింగర్ అనే కత్తి పట్టిన వీరుడు. ఫ్రిట్జ్ లైబర్ రాసిన గ్రే మౌజర్ కత్తివీరుడే అయినా మంత్రవిద్య రుచి చూసినవాడు. ఈ ఇద్దరు రచయితలనూ గైగాక్స్ 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో తన ప్రేరణల జాబితాలో చేర్చాడు. టోల్కీన్ సృష్టించిన గాండాల్ఫ్ చేతిలోనూ గ్లామ్‌డ్రింగ్ అనే కత్తి ఉంటుంది. ఆ గాండాల్ఫ్‌ను ఆట లెక్కల్లో తూచి, అతను అయిదో లెవెల్ (అనుభవ స్థాయి) మ్యాజిక్ యూజర్ మాత్రమేనని వాదించిన వ్యాసం 1977లో డ్రాగన్ పత్రికలో వచ్చింది. కథలో ఒకే నాయకుడు ఉంటాడు కాబట్టి అతనికి రెండు విద్యలూ ఇచ్చినా ఎవరికీ నష్టం లేదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ తలా ఒక పని ఉండాలి. రెండు విద్యలూ ఒక్కరికే ఇస్తే కత్తివీరుణ్ణి ఎంచుకున్న ఆటగాడికి మిగిలేదేమీ ఉండదు. ఈ ఆట విద్యలను విడదీసి పంచడానికి ఇంతకన్నా మంచి కారణం కనిపించదు.

ఎల్ఫ్ చెల్లించిన మూల్యం

మంత్రధారికి కత్తి, కవచం వద్దన్న ఈ నిషేధానికి మొదటినుంచీ రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి క్లెరిక్: దేవుడి పేరు మీద మంత్రాలు వేస్తాడు, నిండు కవచం తొడుగుతాడు, మొద్దు ఆయుధాలతో మోదుతాడు. ముందు వరస మంత్రధారి కావాలనుకున్నవాళ్లకు అతను 1974 నుంచీ సిద్ధంగానే ఉన్నాడు. కానీ ఆటగాళ్ల మనసు అగ్నిగోళాల మీద ఉంది.

రెండోది ఎల్ఫ్. తొలి నిబంధనల్లో ఎల్ఫ్ ఒక సాహసయాత్రలో యోధుడిగా, మరో యాత్రలో మాంత్రికుడిగా మారవచ్చు. మంత్రించిన కవచం తొడిగి మంత్రాలు కూడా వెయ్యవచ్చు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దీన్ని మల్టీక్లాస్ పద్ధతిగా స్థిరపరిచింది. సంపాదించిన అనుభవ పాయింట్లు రెండు క్లాసులకూ సమంగా పంచబడతాయి కాబట్టి ఎదుగుదల నెమ్మది. 1981లో టామ్ మోల్డ్‌వే సవరించిన బేసిక్ పుస్తకంలో ఎల్ఫ్ అనేదే ఒక క్లాస్. రెండో లెవెల్ చేరడానికి యోధుడికి 2,000, మాంత్రికుడికి 2,500 పాయింట్లు చాలితే, ఎల్ఫ్‌కు 4,000 కావాలి. రెండు విద్యలకూ బహిరంగంగా ధర కట్టిన ఈ పద్ధతి ఆ తరం నిబంధనల్లో అన్నిటికన్నా నిజాయితీ గలది. పాత్ర బలంగా ఉంటుంది, ఆలస్యంగా ఎదుగుతుంది, అంతే.

మానవ మాంత్రికుడికి మాత్రం దారి ఇరుకు. 1978 పుస్తకంలోనే టెన్సర్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే ఆరో లెవెల్ మంత్రం ఉంది. వేసినవాడి హిట్ పాయింట్లు రెట్టింపవుతాయి, యోధుడిలా విరుచుకుపడతాడు, కానీ అది దిగేదాకా మరో మంత్రం వెయ్యలేడు. టెన్సర్ గైగాక్స్ పెద్ద కొడుకు ఎర్నెస్ట్ ఆడిన పాత్ర. ఆ అబ్బాయి పేరులోని అక్షరాలను అటూ ఇటూ మారిస్తే టెన్సర్ వస్తుంది. మాంత్రికుణ్ణి కాసేపు యోధుడిగా మార్చడమే తప్ప రెండింటినీ కలపడం ఈ మంత్రానికి చేతకాదు.

1989 నాటి రెండో ఎడిషన్ మల్టీక్లాస్ మాంత్రికుడి కవచాన్ని కూడా బిగించింది. తేలికైన ఎల్వెన్ చైన్ తప్ప మరేది తొడిగినా మంత్రం పలకదు. అందుకని ఆటగాళ్లు లోహాన్ని వదిలి మంత్రాలనే కవచంగా కప్పుకున్నారు. స్టోన్‌స్కిన్ దెబ్బలను మింగేస్తుంది. మిర్రర్ ఇమేజ్ నకిలీ రూపాలను నిలబెట్టి శత్రువు గురి తప్పిస్తుంది. ఈ ఎడిషన్ నిబంధనల మీద కట్టిన బాల్డర్స్ గేట్ (1998), దాని రెండో భాగం (2000) అనే కంప్యూటర్ ఆటలు ఫైటర్-మేజ్ జంటకు కొత్త అభిమానులను తెచ్చాయి. ఎల్ఫులకే చెందిన బ్లేడ్‌సింగర్ సంప్రదాయం కూడా ఈ కాలానిదే. కంప్లీట్ బుక్ ఆఫ్ ఎల్వ్స్‌లో అది కనిపించింది.

అదే కాలంలో ఈ ముడి అసలు పడని ఆట ఒకటి ఉంది. 1978లో కేయోసియం ప్రచురించిన రూన్‌క్వెస్ట్‌లో క్లాసులే లేవు. గ్లోరంథా లోకంలో పశువుల కాపరికీ కొద్దిపాటి యుద్ధమంత్రం వచ్చు. కత్తికి పదును పెంచే బ్లేడ్‌షార్ప్ అక్కడ సిపాయికి మామూలు సామాను.

శాతాల లెక్క

టీఎస్ఆర్‌ను 1997లో కొన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్, 2000లో మూడో ఎడిషన్ తెచ్చింది. నిషేధం పోయి ప్రమాదం వచ్చింది. కవచం ఎవరైనా తొడగవచ్చు, కాకపోతే మంత్రం విఫలమయ్యే శాతం ఒకటి వెంట వస్తుంది. తోలు కవచానికి 10, చైన్ షర్టుకు 20, నిండు ఉక్కు కవచానికి 35. మిథ్రల్ లోహంతో చేసిన చైన్ షర్టుకు 10 మాత్రమే. హస్తముద్ర అక్కర్లేకుండా మంత్రం వేసే స్టిల్ స్పెల్ నేర్చుకుంటే ఈ శాతం వర్తించదు. శత్రువు పక్కనే ఉండగా మంత్రం మొదలుపెడితే అతనికి ఒక ఉచిత దెబ్బ దొరుకుతుంది. ఆ దెబ్బ తగిలితే ఏకాగ్రత పరీక్ష, అందులో ఓడితే మంత్రం గాలిలో కలిసినట్టే.

ఈ ఎడిషన్‌లో ఏ పాత్రైనా ఏ లెవెల్‌లోనైనా కొత్త క్లాస్ చేపట్టవచ్చు. చూడ్డానికి స్వేచ్ఛే, కానీ లెక్క వేస్తే నష్టం బయటపడుతుంది. దాడి పాచికకు కలిసే మూల దాడి బోనస్ పదో లెవెల్ యోధుడికి 10. పదో లెవెల్ మాంత్రికుడికి అయిదో స్థాయి మంత్రాలు వస్తాయి. చెరిసగం చేసుకున్నవాడికి బోనస్ 7, మంత్రాలు మూడో స్థాయి దగ్గరే ఆగిపోతాయి. పైగా ఒక వంతులో కొడతాడు లేదా మంత్రం వేస్తాడు, రెండూ చెయ్యలేడు. రెండు విద్యలు సగం సగం నేర్చిన మనిషి ఏ వంతులో చూసినా సగం మనిషే. 2003 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో వచ్చిన ఎల్డ్రిచ్ నైట్ ఈ లోటును కొంత పూడ్చింది. పది లెవెళ్లలో తొమ్మిదింటికి మంత్రశక్తి పెరుగుతుంది, దాడి బోనస్ యోధుడితో సమానం. వంతు కొరత మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంత గొడవా మాంత్రికుడికే. క్లెరిక్ మంత్రాలకు కవచం అడ్డు కాదు కాబట్టి, డివైన్ పవర్, రైచస్ మైట్ అనే రెండు మంత్రాలు వేసుకున్న క్లెరిక్ పక్కనున్న యోధుణ్ణే మించిపోయేవాడు.

మలుపు 2006లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2లో వచ్చిన డస్క్‌బ్లేడ్‌తో వచ్చింది. యోధుడి దాడి బోనస్, తేలిక కవచంలో విఫలం కాని మంత్రం దానికి పుట్టుకతోనే ఉన్నాయి. కానీ దాని అసలు సొమ్ము మూడో లెవెల్‌లో వచ్చే ఆర్కేన్ ఛానెలింగ్. తాకితే పనిచేసే మంత్రాన్ని కత్తిలోకి పంపి, ఆ కత్తి దెబ్బతోనే శత్రువుకు అంటించవచ్చు. బాణానికి మంత్రం పట్టించి వదిలే అస్త్రవిద్యను భారతంలో విన్న తెలుగు పాఠకుడికి ఇది ఎంతో సహజంగా తోస్తుంది. ఒక వంతు, ఒక దెబ్బ, రెండు విద్యల ఫలం. అంతవరకూ ఏ శాతమూ, ఏ లోహమూ చెయ్యలేని పని ఇది.

పైజో సంస్థ పాత్‌ఫైండర్ ఆటకు 2011లో అల్టిమేట్ మ్యాజిక్ పుస్తకంతో ఇచ్చిన మేగస్ ఆ ఊహనే పూర్తిచేసింది. ఒక చేతిలో కత్తి, మరో చేయి ఖాళీ. స్పెల్ కాంబాట్‌తో ఒకే వంతులో దెబ్బలూ, మంత్రమూ నడుస్తాయి, దెబ్బలకు రెండేసి పాయింట్ల కోత పడుతుంది. రెండో లెవెల్‌లో వచ్చే స్పెల్‌స్ట్రైక్ మంత్రాన్ని కత్తి అంచుకు ఎక్కిస్తుంది. ఆటగాళ్లు వెంటనే షాకింగ్ గ్రాస్ప్ అనే విద్యుత్ మంత్రాన్ని వంకీకత్తికి జతచేశారు. ఇరవై ముఖాల పాచికపై 18, 19, 20 ఏది పడినా ఆ కత్తికి క్రిటికల్ (నష్టం రెట్టింపయ్యే దెబ్బ) అవకాశం ఉంది కాబట్టి మంత్రం నష్టం కూడా రెట్టింపవుతుంది. ఆ జత ఎంత బలమైనదంటే, వేరే మంత్రంతో మేగస్‌ను ఆడటం చాలా బల్లల దగ్గర అరుదైపోయింది. దారి తెరుచుకుంది గానీ అది ఒకటే దారి కావడం ఆ క్లాస్‌కు పెద్ద లోపం. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో మేగస్ 2021లో తిరిగివచ్చింది. వంతులోని మూడు చర్యల్లో స్పెల్‌స్ట్రైక్ రెండింటిని తీసుకుంటుంది, మళ్లీ వాడాలంటే ముందు దాన్ని రీఛార్జ్ చేసుకోవాలి.

డీ అండ్ డీ నాలుగో ఎడిషన్ (2008) ఇంకో దారి పట్టింది. అందులోని స్వోర్డ్‌మేజ్ రక్షకుడు. గుర్తుపెట్టిన శత్రువు తన మిత్రుణ్ణి కొడితే, అక్కడికి మాయమై వెళ్లి ఎదురుదెబ్బ తీస్తాడు, లేదా ఆ దెబ్బ బలాన్ని తగ్గిస్తాడు. మంత్రవిద్యను కాపలా పనికి పెట్టిన ఆ ఊహ అంతటి గుర్తింపుతో తర్వాతి ఎడిషన్‌కు చేరకపోవడం విచారకరం.

2014 తర్వాత

అయిదో ఎడిషన్ (2014) కవచం గొడవను ఒక్క వాక్యంతో తేల్చేసింది: తొడగడం నేర్చిన కవచంలో మంత్రం వెయ్యవచ్చు. ఒకప్పుడు మాంత్రికుడు కావడానికే అనుమతి లేని డ్వార్ఫ్, ఆ పుస్తకంలోని పర్వత శాఖకు చెందితే, మధ్యరకం కవచంలో మంత్రాలు వేసే మాంత్రికుడయ్యాడు. మొదటి లెవెల్ ఫైటర్‌గా మొదలై తర్వాత మాంత్రిక విద్యకు మారేవాడికి నిండు కవచమూ, డాలూ, దెబ్బ తిన్నప్పుడు ఏకాగ్రతను నిలిపే దేహదార్ఢ్య పరీక్షలో నైపుణ్యమూ దక్కుతాయి. ఉక్కు కవచం 18, డాలు 2, అవసరానికి షీల్డ్ మంత్రం 5. దెబ్బ తగలడానికి అందుకోవలసిన అంకె, అంటే ఆర్మర్ క్లాస్, 25కు చేరితే కొట్టడం చాలా రాక్షసులకు కష్టం.

ఇప్పుడు భారం ఏకాగ్రత మీద పడింది. నిలిచి ఉండే గొప్ప మంత్రాల్లో ఒకసారికి ఒక్కదాన్నే పట్టి ఉంచవచ్చు. దెబ్బ తగిలిన ప్రతిసారీ 10, లేదా తగిలిన నష్టంలో సగం, ఏది ఎక్కువైతే అంత పరీక్ష. వార్ క్యాస్టర్ అనే ఫీట్ (అదనపు నేర్పు) ఈ పరీక్షను సులువు చేస్తుంది, రెండు చేతులూ నిండి ఉన్నా హస్తముద్ర వెయ్యనిస్తుంది. ముందు వరసకు వెళ్లదలచిన మాంత్రికుడు కవచం కన్నా ముందు సంపాదించవలసింది ఇదే.

2015లో మళ్లీ వచ్చిన బ్లేడ్‌సింగర్ తెలివితేటల బోనస్‌ను ఆర్మర్ క్లాస్‌కూ, ఏకాగ్రతకూ కలుపుకుంటాడు. ఎల్ఫులకే అన్న షరతును 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ తీసేసింది. ఆరో లెవెల్‌లో ఒక వంతుకు దొరికే రెండు దెబ్బల్లో ఒకదాని బదులు చిన్న మంత్రం కూడా వెయ్యవచ్చని చేర్చింది. అయినా అతని హిట్ పాయింట్ల పాచిక ఆరు ముఖాలదే. డ్రాగన్ ఊపిరికి ఆర్మర్ క్లాస్‌తో పని లేదు. పైగా అయిదో లెవెల్ మాంత్రికుడు ఫైర్‌బాల్‌తో ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఎనిమిది పాచికల నష్టం చెయ్యగలిగినప్పుడు, ఒక పాచిక కత్తి దెబ్బ కోసం ఆ వంతు ఖర్చుపెట్టడం దండగే. హేస్ట్ లాంటి మంత్రం ఒకటి ముందు వేసుకుని, దాన్ని కాపాడుకుంటూ కత్తి తిప్పితేనే లెక్క కుదురుతుంది. మంత్రాల కోటా అయిపోయిన చివరి పోరులో కత్తి విలువ ఇంకా పెరుగుతుంది.

2017లో జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో వచ్చిన హెక్స్‌బ్లేడ్ వార్లాక్ మరో పాత ఇబ్బందిని తీర్చాడు. కత్తికి బలమూ, మంత్రానికి వేరే గుణమూ పెంచుకోనక్కర్లేదు, రెంటికీ కరిస్మా ఒక్కటే చాలు. 2024లో సవరించిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ సౌకర్యాన్ని ఇంకా కిందికి దించింది. ట్రూ స్ట్రైక్ అనే మంత్రం మూడో ఎడిషన్‌లో తర్వాతి దెబ్బకు 20 కలిపేది. 2014లో ఒక వంతంతా తీసుకుని తర్వాతి వంతుకు కొద్దిపాటి సాయం చేసేది, అందుకే దాన్ని తీసుకునేవాళ్లే లేకపోయారు. 2024లో ఆ మంత్రమే కత్తి దెబ్బ. మంత్రం వేసే గుణంతోనే దాడీ, నష్టమూ లెక్కిస్తారు, మాంత్రికుడు మొదటి లెవెల్ నుంచే దాన్ని నేర్చుకోవచ్చు.