కోడిగూటి చరిత్రము

తెలుగువారి సామెతలలో ఒక ముదుసలి కలదు. తన కోడియు తన కుంపటియు లేనిచో ఊరికి తెల్లవాఱదని ఆమె నమ్మకము. వినువారందఱు నవ్వుదురు. కాని గడియారములు ఇంటింట లేని కాలమున తొలికోడి, మలికోడి కూతలే రేయి కొలతలుగా నుండెను. నాగలి కట్టు రైతును, దూరపు సంతకు బండి కట్టు వర్తకుని మేల్కొల్పినది కోడియే. కావున ముదుసలి మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే ఊరిని మేల్కొలుపవలసిన ఆ కోడి తెల్లవాఱువఱకు తాను బ్రదికియుండవలయును గదా! రాత్రియంతయు దాని చుట్టు తిరుగు నక్కనుండి దానిని మనుష్యుడు ఎట్లు కాపాడుకొనివచ్చెనో తెలిసికొనుట ఉచితము. ఆ కథయే కోడిగూటి చరిత్రము.

అమరకోశమున కోడికి నాలుగు పేర్లు చెప్పబడినవి: కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము. నక్కకు పది పేర్లు కలవు. వానిలో భూరిమాయ, మృగధూర్తకము, వంచకము అను మూడును దాని మోసమును చెప్పునవే. కోడికి కాళ్ళే ఆయుధములని నిఘంటుకారుడు గౌరవించెను. కాని ఆ ఆయుధములు పగటివేళకే పనికివచ్చును. చీకటి పడినంతనే కోడికి చూపు మందగించును; కూర్చున్నచోటనుండి కదలజాలదు. నక్కకు అదియే అదను.

మన జిల్లాలలో నక్క యనునది ఒక్క జంతువు కాదు. పొలముగట్లపై గుంపుగా ఊళలు పెట్టునది నక్క. బీడులలో బొరియ త్రవ్వుకొని యుండు చిన్నది గుంటనక్క. వీనికి తోడు అడవిపిల్లి, ముంగిస, పాము, ఊరకుక్కయు కోడికి శత్రువులే. ముంగిస చేసిన పనియు నక్క ఖాతాలోనే పడుచుండును. గూడు కట్టువాడు వీనినన్నిటిని తలచియే కట్టవలయును.

కోడి పుట్టుక అడవిలోనిది. ఇంటికోళ్ళకు మూలము ఎఱ్ఱ అడవికోడి యని 1868లో డార్విను పండితుడు వ్రాసెను. 2020లో జన్యుపరీక్షలు చేసిన శాస్త్రజ్ఞులు ఆగ్నేయాసియా ప్రాంతపు అడవికోడి తెగయే ఇంటికోడికి మిక్కిలి దగ్గఱిదని తేల్చిరి. 2022లో ప్రకటింపబడిన పరిశోధనము ప్రకారము ఇంటికోడివని నిశ్చయముగా చెప్పదగిన ఎముకలలో మిక్కిలి పాతవి థాయిలాండు దేశమున బాన్ నాన్ వాట్ అనుచోట దొరకినవి. అవి క్రీ.పూ. 1650 – 1250 నడిమి కాలమునకు చెందినవి. వరి, చిఱుధాన్యములు పండించు పల్లెలలో రాలిన గింజలకై అడవికోడి వచ్చి మనుష్యునికి మచ్చికయైనదని ఆ పండితుల అభిప్రాయము. ఎఱ్ఱ అడవికోడి మన తూర్పుకనుమలలో నేటికిని కలదు. గోదావరికి ఉత్తరపు కొండలు దానివి. దక్షిణమున బూడిదరంగు అడవికోడి కనబడును. కావున ఉత్తరాంధ్రమున కొండమీద కూయు కోడియు, పెరటిలో కూయు కోడియు ఒకే వంశపు బంధువులు.

ఈ అడవికోడికి గూడు కట్టినవాడు లేడు. పగలు నేలమీద మేసి, ప్రొద్దు గ్రుంకగనే అది చెట్టుకొమ్మకు ఎగురును. కొమ్మయే కోడికి మొదటి గూడు. కుక్కుట జాతకమను బౌద్ధకథ చెప్పునదియు ఇదియే. చెట్టుపై కూర్చున్న కోడిని ఒక ఆడుపిల్లి తీయని మాటలతో క్రిందికి పిలుచును. కోడి దిగిరాదు, బ్రదికిపోవును. ఈ కథను క్రీస్తుకు పూర్వమే భార్హుతు స్తూపమున శిల్పులు రాతిపై చెక్కిరి. అశోకచక్రవర్తి తన స్తంభశాసనములలో అయిదవదానియందు కోడిపుంజులకు విత్తులు కొట్టరాదని ఆజ్ఞాపించెను. అనగా క్రీ.పూ. 3వ శతాబ్దము నాటికే కోళ్ళను కూరకై బలియజేసి పెంచు వాడుక ఈ దేశమున వేళ్ళూనియుండెనని స్పష్టము.

కొమ్మ అంత మంచి గూడైనచో మనుష్యుడు వేఱొక గూడు కట్టనేల? దీనికి సమాధానము పెట్ట ఇచ్చును. పెట్ట గ్రుడ్లపై 21 దినములు పొదుగవలయును. ఆ మూడు వారములును అది చెట్టెక్కజాలదు. పిల్లలు లేచిన తరువాత వానికి ఱెక్కలు ముదిరి కొమ్మ కెగురువఱకు మరికొన్ని వారములు తల్లి నేలమీదనే వానిని కప్పుకొని పండుకొనును. నక్కకు చిక్కునది ఎక్కువగా ఈ పొదుగు పెట్టయు, ఈ పిల్లలతల్లియు. ఒక్కరాత్రి అట్టి పెట్ట పోయినచో దానితో పది పండ్రెండు పిల్లలును పోవును. నాటుపెట్ట ఏడాదికి పెట్టునవి 50, 60 గ్రుడ్లు. వానిలో కొన్ని పొదిగించి, కొన్ని అమ్మి, ఇంటి ఇల్లాలు ఉప్పునకు, నూనెకు, పిల్లవాని పలకకు డబ్బు కూర్చుకొనును. కోడి సొమ్ము చాల యిండ్లలో ఆడువారి సొమ్ము. నక్క ఎత్తుకొనిపోవునది ఆ సొమ్మునే.

అందుచేతనే మన పల్లెలలో పలువిధములైన గూళ్ళు ఏర్పడినవి. మొదటిది గంప. వెదురుబద్దలతో అల్లిన గంపను బోర్లించి, దానిపై రాయి పెట్టుదురు. ఇది పగటివేళ గ్రద్దనుండి పిల్లలను కాచుటకు చాలును. రాత్రి పెరటిలో ఉంచినచో నక్క దానిని మూతితో పొర్లించును. లేదా అంచు క్రింద మట్టి త్రవ్వును. కావున తెలిసినవారు గంపను చీకటి పడకముందే ఇంటిలోనికి తెచ్చుకొందురు. రెండవది అరుగు క్రింది గూడు. మట్టి యరుగు కట్టునపుడే లోపల తొఱ్ఱ విడిచి, ముందు చెక్క పలక అడ్డము పెట్టుదురు. ఇది నక్కకు చిక్కదు గాని, గాలి వెలుతురులు లేక వానకాలమున చెమ్మగిల్లి పేలకు, పురుగులకు నెలవగును. మూడవది మంచెగూడు. నాలుగు గుంజలపై వెదురు తడకలతో కట్టి, తాటికమ్మ కప్పినది. ఇది కొమ్మ నేర్పిన పాఠమును మఱవని గూడు.

ఈ సందర్భమున పొట్టికోళ్ళ మాట చెప్పవలసియున్నది. ఆంగ్లేయులు పొట్టిజాతి కోళ్ళను బాంటం కోళ్ళందురు. బాంటం అనునది జావాద్వీపమునందలి ఒక రేవుపట్టణము. 17వ శతాబ్దారంభమున ఆంగ్లేయులును, ఒలందావారును అచట మిరియములకై గిడ్డంగులు పెట్టిరి. ఆ మిరియములకు మారుగా ఇచ్చిన సరకులలో ముఖ్యమైనది మన తీరపు నేతబట్ట. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున కొట్టు తెఱచినది అందులకే. ఒలందావారు ఆ శతాబ్దముననే భీమునిపట్టణమున స్థిరపడిరి. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే కళింగ నావికులు ఆ దీవులకు పోయియుండిరి. మలయా ప్రజలు మనవారిని క్లింగులని పిలుచుట కళింగశబ్దము వలననే. ఓడలలోనివారు ఆ రేవున చూచిన చిన్నకోళ్ళను బట్టి పొట్టికోళ్ళకెల్ల ఆ పేరు వ్యాపించెనందురు. పొట్టికోడికి ఒక గుణము కలదు: ఒడలు తేలిక గనుక ఎత్తుకొమ్మకు ఎగురగలదు. బరువైన అసీలు జాతి పుంజునకు అది సాధ్యము కాదు. అయినను సంక్రాంతి పందెములకు పెంచు పుంజును యజమాని కంటికి ఱెప్పవలె కాచును. డేగ యనియు, నెమలి యనియు, కాకి యనియు దాని రంగునుబట్టి పేరు పెట్టి మురియును. గ్రుడ్డు పెట్టు పెట్ట మాత్రము దైవాధీనమై పెరటిలో నిదురించును.

చెట్టును నమ్ముకొన్న కోళ్ళకు శ్రీకాకుళపు ఉద్దానము స్వర్గము వంటిది. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడి, పనస తోటల క్రింద కోళ్ళు స్వేచ్ఛగా మేయును. సాయంకాలము జీడికొమ్మ లెక్కును. అట్టి తోటలపై 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను విఱుచుకొనిపడెను. పలాస చేరువ తీరము దాటిన ఆ గాలికి తరముల నాటి కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూకటివ్రేళ్ళతో కూలినవి. రైతు పంట నష్టము లెక్క వ్రాసికొనెను. కూలిన జీడిచెట్టుతో కోడి గూడును కూలినదన్నది ఆ లెక్కలోనికి ఎక్కదు. క్రొత్తమొక్క కొమ్మలు చాచి కోడిని మోయుటకు ఏండ్లు పట్టును. చెట్టు ఎదుగువఱకు కోడికి దిక్కు మనుష్యుడు కట్టిన గూడే.

ఆ గూడు ఎట్లుండవలయును? నేలకు రెండున్నర మూడడుగుల ఎత్తున గట్టి గుంజలపై నిలుపవలయును. గుంజల నడుమ నున్నని రేకు చుట్టినచో ఎలుకయు ముంగిసయు ప్రాకలేవు. గోడలకు ఇనుపతీగ జాలీ వాడవచ్చును. 1844లో ఇంగ్లాండున నారిచి పట్టణమునందు ఛార్లెసు బర్నార్డు అనునతడు తీగజాలీ అల్లు యంత్రమును కనిపెట్టినప్పటినుండి అది లోకమంతట వ్యాపించినది. కాని పలుచని ఆఱుపలకల జాలీ కోడిని లోపల ఆపునే గాని నక్కను వెలుపల ఆపజాలదు, పండ్లతో తెంపును. అర అంగుళపు కన్నులు గల దళసరి జాలీ శ్రేష్ఠము. నేలమీదనే గూడు కట్టవలసివచ్చినచో జాలీని ఒక అడుగు లోతు పాతి, మఱియొక అడుగు వెలుపలివైపు మడచి మట్టి కప్పవలయును. నక్క గోడ మొదటనే త్రవ్వును. వెనుకకు జరిగి త్రవ్వవలెనను యుక్తి దానికి సాధారణముగా తోచదు. తలుపునకు గడియయు, గడియకు మేకును ఉండవలయును. లోపల ఒకే ఎత్తున వాసపు కఱ్ఱలు అమర్చినచో కోళ్ళు పోట్లాడక కూర్చుండును.

గాలి ఆడని గూడు నక్కకంటె ప్రమాదము. మనవారు కొక్కెర తెగులందురే, దానిని శాస్త్రజ్ఞులు మొదట 1926లో జావాయందును, ఇంగ్లాండునందలి న్యూకాసిలు నందును గుర్తించిరి. 1927లో కుమావూ కొండలలోని రాణిఖేతున కనబడుటచే ఈ దేశమున దానికి రాణిఖేతు వ్యాధియని పేరు వచ్చెను. నక్క ఒకటి రెంటిని కొనిపోవును. ఈ తెగులు గూడంతయు ఊడ్చుకొనిపోవును. కావున గోడల పైభాగమున గాలి ఆడు జాలీ విడువవలయును. నెలకొకమారు సున్నము కొట్టవలయును. పశువైద్యుని అడిగి టీకాలు వేయింపవలయును.

2019లో జరిగిన 20వ పశుగణనమున దేశమునందలి పెరటికోళ్ళు 31 కోట్ల 70 లక్షలని తేలినది. పెద్ద కోళ్ళఫారములు ఎన్ని వెలసినను పెరటికోడి పోలేదు. హైదరాబాదు నందలి కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను జాతులను రూపొందించిరి. శత్రువు కనబడినపుడు పరుగెత్తుటకు వీలుగా పొడుగుకాళ్ళు వీనికి గుణముగా చెప్పుదురు. పగటికి ఇది మేలైన యుక్తి. నిదురించు కోడికి పొడుగుకాళ్ళేమి చేయును? రాత్రికి మఱల గూడే శరణ్యము.

కోడి పోయిన కోపమున కొందఱు మాంసమున విషము కలిపి గట్లపై ఉంచుదురు. కొందఱు ఉచ్చులు పన్నుదురు. నక్కకొమ్ము అదృష్టమిచ్చునను భ్రాంతితో దానిని చంపువారును కలరు. నక్కకు కొమ్ము ఉండనే యుండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నక్కయు, గుంటనక్కయు రక్షణ పొందిన జంతువులు. చట్టము మాట అటుంచినను, వరిచేలలో, చెఱకు తోటలలో ఎలుకలను, పందికొక్కులను తిని రైతునకు కూలి అడుగని కాపరి నక్కయే. దానికై పెట్టిన విషము ఊరికుక్కను, గ్రద్దను, ఒక్కొక్కప్పుడు పశువును చంపును. ఒక నక్క చచ్చిన చోటికి వేఱొక నక్క వచ్చును. గూటి తలుపు తెఱచియున్నంతకాలము వచ్చుచునే యుండును. కోడిని కొమ్మమీదినుండి దింపి నేలమీద మేపినవాడు మనుష్యుడు. కొమ్మ ఇచ్చిన కాపు తిరిగి ఇచ్చుట అతని ఋణము. నక్కకు ఆ ఋణముతో సంబంధము లేదు.

మంచి గూడు కట్టియు కోళ్ళను పోగొట్టుకొను ఇండ్లు కలవు. తలుపు వేయుట మఱచినచో ఇనుప గూడును గంపతో సమానమే. దీపము పెట్టు వేళకు ముందే గూటి యొద్ద గుప్పెడు నూకలు చల్లిన యెడల కోళ్ళు తమంతట తామే చేరును. అవి లోపలికి పోవునపుడు ఒక్కొక్కదానిని లెక్కించి, లెక్క సరిపోయిన తరువాతనే గడియ బిగించి మేకు దిగవేయవలయును. ఒకటి తక్కువైనచో వెదకుటకు ఇంకను వెలుతురుండును. తెల్లవాఱి ఎండ పొడసూపిన తరువాత తలుపు తీసి మఱల లెక్కించవలయును. సాయంకాలపు లెక్కయు, ఉదయపు లెక్కయు సరిపోయిన ఇంట సామెతలోని ముదుసలి కోడి నిశ్చింతగా కూయును.