నిమ్మకాయలూ, నెట్ క్యూలూ

పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) నేను రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పని చేసే రోజుల్లో సాయంత్రాలు ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. యజమాని శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినాయన. మోడెమ్ పైన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండ కట్టి వేలాడదీశాడు. "ఆరు దాటితే లైనుకి దిష్టి తగుల్తుంది సార్" అనేవాడు. నేను హేతువాదినని నన్ను ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, ప్రతి అమావాస్యకీ కాయ మార్చేవాడు.

చదువుకున్నవాళ్ళు ఇంకో మాట చెప్పేవారు: "ఉపగ్రహం కదండీ, అంతే." ఇదీ పరీక్షించని నమ్మకమే. సెలవులకి వచ్చిన మా అబ్బాయి "నాన్నా, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పింగ్ కొట్టి రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. పొద్దున అర సెకను పైచిలుకు, సాయంత్రం మూడు, నాలుగు సెకన్లు. భూస్థిర ఉపగ్రహం 35,786 కి.మీ. ఎత్తున ఉంటుంది. ప్రశ్న వెళ్ళి జవాబు రావాలంటే ఆ దూరం నాలుగు సార్లు దాటాలి, అంటే సుమారు 1,43,000 కి.మీ. కాంతికి అది 0.48 సెకను. సాయంత్రం అయ్యేసరికి ఉపగ్రహం దూరం జరిగిపోదు కదా! మిగతా మూడు సెకన్లు ప్యాకెట్లు ఎక్కడో వరసలో నిలబడుతున్నాయన్న మాట.

ఈ వరసల కథ పాతదే. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్లీ లాబ్‌కీ, బర్క్లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. రెండింటికీ దూరం 400 గజాలు. జవాబు ఆలస్యమైతే ప్యాకెట్ పోయిందనుకుని కంప్యూటర్లు మళ్ళీ పంపేవి. దాంతో వరస ఇంకా పెరిగేది. పంపేవాడే తగ్గాలని వాన్ జాకబ్సన్ 1988లో దారి చూపాడు. అంతకు ముందే, 1985లో, జాన్ నేగిల్ ఒక చిత్రమైన సంగతి రాశాడు. స్విచ్‌లో అనంతమైన నిల్వ స్థలం ఉన్నా లాభం లేదు, వరసలోనే ప్యాకెట్ల ఆయువు తీరిపోతుంది. ఒక్కొక్కరికీ విడి వరస పెట్టి వంతుల వారీగా వదలమన్నాడు. అయినా "స్థలం పెంచితే నష్టం తగ్గుతుంది" అనే నమ్మకం ఇంజనీర్లలో పాతికేళ్ళు బతికింది. మూఢనమ్మకానికి నిమ్మకాయే అక్కర్లేదు.

లినక్స్ కెర్నల్‌లో ఈ వరసలని అదుపు చేసే ఏర్పాటు అలెక్సీ కుజ్నెత్సోవ్ చేతి మీదుగా వచ్చింది. 1999 నాటి 2.2 కెర్నల్‌లో అది ఉంది. తరవాత మార్టిన్ డెవెరా రాసిన హెచ్‌టీబీ చేరింది. మా లెక్కలవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆర్జిత సెలవులు ఆర్నెల్లకి 15 చొప్పున జమ అవుతాయి, 300 దాటితే మురిగిపోతాయి, దాచుకున్నవి ఒకేసారి వాడుకోవచ్చు. టోకెన్ల బకెట్ అంటే ఇదే. ఒక పద్దులో మిగిలిన సొమ్ముని ఇంకో పద్దుకి మళ్ళించడం కూడా హెచ్‌టీబీలో ఉంది.

మా అబ్బాయి ఒక పాత కంప్యూటర్లో లినక్స్ వేసి మోడెమ్‌కి ముందు పెట్టాడు. కిటుకల్లా లైను సామర్థ్యం కన్నా కాస్త తక్కువ వేగంతో పంపడం. అప్పుడు వరస మోడెమ్‌లో కాకుండా మన కంప్యూటర్లో ఏర్పడుతుంది, కాబట్టి ఎవరిని ముందు పంపాలో మనం చెప్పచ్చు. వచ్చే సరుకుని అవతల ఆపలేం, కాని ఇక్కడ కొన్ని ప్యాకెట్లు పారేస్తే పంపేవాడు తగ్గుతాడు. సినిమా దించుకునేవాణ్ణి ఒక వరసలో, ఉత్తరాలు చూసుకునేవాళ్ళని ఇంకో వరసలో పెట్టాడు. ఆ సాయంత్రం నుంచే తేడా కనపడింది.

యజమాని ఆ వారమే కాయ మార్చాడు. ఖ్యాతి దానికే వెళ్ళింది! ఆయన ఒప్పుకోలుతోనే రెండు రోజులు కాయ ఉంచి మా ఏర్పాటు ఆపేశాం, పాత కథ మొదలు. తరవాత రెండు రోజులు కాయ తీసి ఏర్పాటు పెట్టాం, లైను బాగుంది. అయితే నిజం చెప్పాలి: కొన్ని సాయంత్రాలు రెండూ పని చెయ్యలేదు. ఉపగ్రహపు లైను ద్వీపమంతటికీ ఉమ్మడి, అక్కడి వరస మా చేతిలో లేదు. ఆ రోజుల్లో ఆయన నా వంక చూసి నవ్వేవాడు.

2012లో క్యాథ్లీన్ నికల్స్, జాకబ్సన్ కలిసి కోడెల్ పద్ధతి ప్రకటించారు. వరస ఎంత పొడుగుందని కాదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి రాకపోతే పారెయ్యడం మొదలెడుతుంది. అదే ఏడాది లినక్స్ 3.5లోకి చేరింది. అండమాన్‌కి మాత్రం చెన్నై నుంచి సుమారు 2,300 కి.మీ. సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దానితో రానూపోనూ దూరం వల్ల పట్టే కాలం పాతిక మిల్లీసెకన్ల లోపుకి దిగింది.

పోయిన నెల ఆ యజమానికి ఫోన్ చేశాను. ఇప్పుడు కేబులేనట. "పెద్ద ఫైలు పంపుతుంటే మాత్రం మనవడి వీడియో కాల్ ఆగిపోతోంది సార్" అన్నాడు. కాయ సంగతి నేను అడగలేదు. రౌటర్‌లో కోడెల్ ఉందేమో చూడమన్నాను.